తుడవొద్దన్న అయ్యవారు

అయ్యవారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు పోలయ్య. వారంలో రెండు రోజులు సైకిలు వెనక గంప కట్టుకొని మా వీధికి చేపలు తెస్తాడు. ఆ రోజు గంప లేదు. గేటు తీసుకొని లోపలికి రాకుండా సైకిలు పట్టుకొని బయటే నిలబడ్డాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను.

"ఏం పోలయ్యా, ఈ పొద్దు వట్టి చేతులతో వచ్చినావే?" అన్నాను.

"చేపలు తేలేదక్కా. మాటొకటి తెచ్చినా." కాసేపు సైకిలు బెల్లు మీద బొటనవేలితో రుద్దాడు. "అయ్యోరు పోయినారు. నిన్న పొద్దున. నిద్రలోనేనంట."

మా ఇద్దరికీ అయ్యవారంటే ఒక్కరే. ఏ అయ్యవారని అడగాల్సిన పని లేదు. చేట కింద పెట్టి, కళ్ళు మూసుకొని, నాకు అలవాటైన చిన్న ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పోలయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. అతడు గంగమ్మకు మొక్కేవాడు. అయినా మా ప్రార్థన అయిందాకా నిలబడడం అతడికి కొత్త కాదు.

"ఆయన గురించి ఎవరన్నా రాయాలక్కా. నువ్వయితే రాస్తావు," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

రాయాలని కూర్చుంటే, ఆయన ఏ ఊళ్ళో పుట్టారో, ఎక్కడ చదివారో నాకు సరిగ్గా తెలియదని తెలిసింది. నాకు తెలిసిందల్లా ఆయన గొడుగు, చెవి మీద సుద్దముక్క, ఎప్పుడూ అనే రెండు మాటలు. ఆయన మా ఇంటికి చేసిన ఒక మేలు. దాని వెనక ఉన్న నా తప్పు కూడా.

పులికాట్ సరస్సు ఒడ్డున, వాకాటికీ దొరవారిసత్రానికీ నడుమ ఒక చిన్న ఊరు మాది. మా నాయన సువార్త చెబుతూ సరస్సు చుట్టూ ఉన్న జాలర్ల పాళేలు తిరిగేవారు. మా ఇంటికీ ఊరి బడికీ మధ్య ఒక తాటాకు దడి ఉండేది. నేను బడికి పోయినదాన్ని కాదు. నాకు ఈడు వచ్చినప్పుడు ఊళ్ళో బడి లేదు. బడి వచ్చేసరికి అమ్మకు మంచం దిగలేని జబ్బు. నాయన ఇంట్లోనే బైబిలు పెట్టి అక్షరాలు నేర్పారు. అక్షరాలు కుదురుకోవడానికి ఒక నియమం కూడా పెట్టారు. ఏ ఏటి డైరీ ఆ ఏడు నా చేతికిచ్చి, "రోజుకొక వాక్యం రాయమ్మా. ఆ దినం దేవుడు మనకిచ్చినదేందో అది రాయి," అనేవారు. ఏమీ ఇవ్వని రోజు ఏం రాయాలని అడిగితే, "అట్టాంటి రోజు ఉండదు, వెతుకు," అనేవారు. అలా వెతకడం నాకు ఎనిమిదో ఏట అలవాటైంది. ఇప్పటికీ పోలేదు.

అయ్యవారు మా ఊరి బడికి వచ్చినప్పటి నుంచీ దడి అవతల నుంచి వినపడే పాఠమే నాకు బడి. రుబ్బురోలు దడి పక్కకు జరిపించుకున్నాను. అమ్మ అడిగితే అక్కడ నీడ బాగుంటుందని చెప్పాను.

ఆయన పిల్లలకు లెక్క ఇచ్చి, చేయడం అయిపోగానే పలకలు చూసేవారు కాదు. ముందు చేతులు చూసేవారు. "చేతులు చాపండి" అనగానే అందరూ పిడికిళ్ళు తిప్పి అంచు చూపించాలి. తప్పు వస్తే ఉమ్ము వేసి పిడికిలి అంచుతో తుడవడం పలక మీద రాసే పిల్లలందరికీ అలవాటు గదా.

"ఏం రా, చెయ్యి తెల్లగా ఉండాదే? ఏం తుడిచినావు?"

"తప్పు అయ్యోరా."

"తప్పయితే దాన్నెందుకు చంపినావు? అదుంటే గదా యాడ దారి మళ్ళినావో నీకూ నాకూ తెలిసేది. తుడవొద్దు. గీత కొట్టి కింద రాయి."

ఇది ఆయన మొదటి మాట. రోజుకు ఎన్నిసార్లు అనేవారో చెప్పలేను. ఒకసారి పాళెం నుంచి ఒకామె బడి వాకిట్లోకి వచ్చి గట్టిగానే అడిగింది.

"పలకంతా గీతలే కొట్టించినావు గదయ్యోరా. ఇంక మా వాడు లెక్క యాడ చేసేది, వీపు మీదనా?"

"వీపెందుకమ్మా, సరస్సు చుట్టూ ఇసక ఉండాది గదా," అన్నారాయన. ఆయన వేళాకోళమాడారనుకుంది ఆమె. మరునాటి నుంచి నిజంగానే పిల్లలను నీళ్ళ అంచుకు తీసుకుపోయి తడి ఇసకలో పుల్లలతో లెక్కలు చేయించారు. కొట్టేసిన లెక్కలూ, కింద రాసిన లెక్కలూ నీళ్ళ అంచు వెంబడి చాలా దూరం కనిపించేవి. మధ్యాహ్నం నీళ్ళు పెరిగి వచ్చి వాటిని చెరిపేస్తుంటే, "అది నేను చెప్తే వినేది కాదు," అనేవారు.

రెండో మాట "ఎట్ట వచ్చింది?" లెక్క సరిగ్గా చేసినవాణ్ణి కూడా ఆయన బాగుందనేవారు కాదు. ఒక కనుబొమ్మ ఎత్తి, "ఎట్ట వచ్చింది?" అనేవారు. కొత్తగా చేరిన పిల్లలు అది విని, తప్పు చేశామనుకొని సరైన జవాబును కొట్టేసుకునేవారు. అప్పుడు మాత్రం నవ్వేవారు.

ఒక రోజు నోటి లెక్క ఒకటి ఇచ్చారు. పడవలో ఇన్ని గంపలు, గంపకు ఇన్ని చేపలు, అందులో మూడో వంతు ఎండబెడితే మిగిలినవెన్ని అని. పిల్లలెవరూ పలకలేదు. కాసేపటికి ఆయన గొంతు దడి దగ్గర వినిపించింది.

"దడి అవతలమ్మాయీ, రోలు ఆగిపోయిందంటే లెక్క అయిపోయినట్టే గదా. నీకెంత వచ్చింది?"

పొత్రం పట్టుకునే చెప్పాను.

"ఎట్ట వచ్చింది?"

అది కూడా చెప్పాను. అయ్యవారు పూర్తిగా విన్నారు. తర్వాత, "రుబ్బుకో తల్లీ," అన్నారు. ఆ రోజు డైరీలో నేను రాసిన వాక్యం ఇప్పటికీ నోటికి వచ్చు: ఈ దినం దేవుడు నన్ను ఒకరిచేత అడిగించాడు.

ఆయన గొడుగు సంగతి చెప్పాలి. వానకూ ఎండకూ దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. కర్ర పొడుగునా కత్తితో అంగుళాలు కోసుకున్నారు. బడి గోడలూ, నీళ్ళ లోతూ, పిల్లల ఎత్తూ దానితోనే కొలిచేవారు. వాకిట్లో దాన్ని నిలబెట్టి నీడ కొలిచి మధ్యాహ్నం గంట కొట్టించేవారు. మా ప్రాంతంలో ఏడాదికి రెండు సార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఒకటి ఎండాకాలంలో, ఒకటి ఆగస్టులో. ఆ రోజు మధ్యాహ్నం పిల్లలందరినీ వాకిట్లో వరసగా నిలబెట్టి, "మీ నీడలు యాడికి పోయినాయో వెతకండి," అనేవారు. పిల్లలు గోడ వెనకా, బావి దగ్గరా వెతికేవారు. మా చెల్లి ఒక్కతే ఉన్నచోటు నుంచి కదలలేదట. "పోలేదయ్యోరా, కాళ్ళ కింద దాక్కొనుండాది," అందట. అప్పటికి దానికి ఏడేళ్ళు. ఆ సాయంత్రం అయ్యవారు దడి దగ్గరికి వచ్చి, "ఈ పిల్లను చదివించమని మీ నాయనకు చెప్పు. ఎంతవరకు చదివితే అంతవరకు," అన్నారు.

మా చెల్లి బడిలో చేరిన రోజు సంగతి ఇంతవరకు నేను ఎవరికీ రాసి చూపలేదు. ఇక్కడ రాయాలి.

అప్పట్లో పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. మా సంఘంలో చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు గనుక గుడి పుస్తకంలో కూడా ఉండదు. బిడ్డ బడి ఈడుకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి అయ్యవార్లందరిదీ ఒకటే పద్ధతి. కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి అందుకోవాలి. అందితే ఐదు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. అందినవాళ్ళకు అయ్యవారే ఏదో ఒక తేదీ వేసి రిజిస్టరులో రాసుకునేవారు.

అమ్మ పోయిన మరుసటి ఏడు అది. నాయన వారాల తరబడి పాళేల్లో ఉండేవారు. నాకు పన్నెండేళ్ళు. నేను పొయ్యి దగ్గరుంటే చెల్లి సరస్సు దగ్గరికి పోయేది. ఒకసారి నడుము లోతు దాకా పోతే వల వేసుకునేవాళ్ళు ఎత్తుకొచ్చి ఇచ్చారు. దాన్ని బడిలో వేస్తే తప్ప నాకు ఊపిరాడదనిపించింది. కానీ దానికి నాలుగు దాటి నాలుగు నెలలే. చెయ్యి పెట్టి చూపిస్తే చెవి అందలేదు. అయితే తల కొంచెం ఎడమకు వంచితే వేలికొస చెవికి తగులుతుంది. వారం రోజులు దానిచేత ఇంట్లో సాధన చేయించాను. తల వంచినట్టు కనపడకుండా వంచడం నేర్పాను.

అయ్యవారి ముందు నిలబెట్టాను. చెల్లి చెయ్యి ఎత్తింది. చెవి అందింది.

"ఐదు నిండినాయా అమ్మా?" అని నన్నడిగారు.

"నిండినాయి అయ్యవారూ."

ఆయన చెల్లి వైపు చూశారు. తర్వాత నా వైపు, నా చేతుల వైపు చూశారు. పొయ్యి ఊదీ ఊదీ నా చేతులప్పుడు మసిగా ఉండేవి. కలం ముంచి రాసుకున్నారు. ఆ రోజు డైరీలో, చెల్లికి బడి దొరికిందని దేవునికి స్తోత్రం రాశాను. అబద్ధం చెప్పానని రాయలేదు.

పన్నెండేళ్ళు గడిచాయి. చెల్లి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న హైస్కూల్లో ఆఖరి క్లాసుకు వచ్చింది. లెక్కల్లోనూ సైన్సులోనూ ఆసక్తి ఉన్న పిల్లలను ఎంచి, కాలేజీ చదువంతా చదివించే స్కాలర్‌షిప్పు ఒకటి ఉందని, పరీక్ష రాయమని అక్కడి టీచర్లు చెప్పారు. నాయన చూపు అప్పటికే తగ్గింది. ఆయన సంపాదనతో కాలేజీ అనే మాటే మా ఇంట్లో లేదు. ఆ స్కాలర్‌షిప్పు వస్తే చెల్లి చదువుతుంది, రాకపోతే నా పక్కన రోలు దగ్గర కూర్చుంటుంది. మధ్యలో ఇంకో దారి లేదు.

దరఖాస్తు నింపే రోజు చెల్లి పెందలాడే ఇంటికి వచ్చేసింది. కంచం ముందు కూర్చొని అన్నం కలపలేదు.

"ఏమే, ఏమయింది?"

"వయసెక్కువైందంటక్కా. మూడు నెలలు. హెడ్మాస్టరు గారు రిజిస్టరు తీసి చూపించినారు. నేనంత ముసలిదాన్నా?" అని నవ్వబోయి నవ్వలేకపోయింది. "చిన్నబడి రిజిస్టరులో దిద్ది, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెడితే తాను కాదనను అన్నారు. వారం గడువుండాది. అక్కా, నిజంగా నాకెన్నేళ్ళు?"

నాయన మంచం మీద నుంచి, "దేవుని చిత్తం ఎట్టుంటే అట్ట," అన్నారు. నాకు తెలుసు, అది దేవుని చిత్తం కాదు. నేను నేర్పిన తల వంపు.

ట్రంకు పెట్టె అడుగు నుంచి చెల్లి పుట్టిన ఏటి డైరీ తీశాను. చెదలు అంచులు తిన్నాయి గానీ పేజీ మీద అచ్చులో తేదీ నిలిచి ఉంది. కింద ఎనిమిదేళ్ళ చేతి రాత: ఈ దినం దేవుడు మాకు చెల్లిని ఇచ్చాడు, అమ్మకు జ్వరం లేదు. దాన్ని కొంగులో చుట్టుకొని అయ్యవారి ఇంటికి వెళ్ళాను.

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మంచినీళ్ళంటాం గానీ మా ఊరి బావుల్లో నీళ్ళన్నీ ఉప్పగానే ఉంటాయి. ఆమె సంతోషంగా ఉంది. "ఈయనకు హెడ్మాస్టరు పని వస్తావుండాదమ్మా. పై ఊళ్ళో. ఆడ బావి నీళ్ళు తియ్యగా ఉంటాయంట. ఇన్నేళ్ళకు పప్పు ఉడికే నీళ్ళు చూస్తా," అంది. నేను గ్లాసు కింద పెట్టాను.

అయ్యవారి ముందు డైరీ తెరిచి పెట్టి అంతా చెప్పాను. ఇంట్లో సాధన చేయించిన సంగతి కూడా చెప్పాను.

ఆయన చెవి మీద సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టారు. "నాకు తెలుసమ్మా," అన్నారు.

"ఏం తెలుసు అయ్యవారూ?"

"తల వంచింది. అందరు పిల్లలూ వంచుతారు. కొందరిని పొమ్మంటాను, కొందరిని రాసుకుంటాను. నీ చేతులు చూసి రాసుకున్నా."

ఆ తర్వాతి మాటలు చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

"పాళెంలో పోలయ్య లేడూ, పడవ తోలేవాడు. వాడు నా దగ్గరే ఐదు దాకా చదివినాడు. అట్టాంటి బుర్ర నేను మళ్ళీ చూడలా. మీ చెల్లెలు కూడా వాడి తర్వాతే. లెక్కల్లో చురుకైన పిల్లలకు హాస్టలు పెట్టి హైస్కూలు చదివించే స్కాలర్‌షిప్పుకు పరీక్ష రాయించినా. నెగ్గినాడు. తీరా చూస్తే వయసు మించింది. వాడిదీ నేనేసిన తేదీనే. వాళ్ళ నాయన వచ్చి, వీడు పుట్టింది ఫలానా తుపాను ఏడయ్యా, ఊరంతా చెప్తుంది, దిద్దవయ్యా అని నా కాళ్ళు పట్టుకున్నాడు. దిద్దితే, ఇన్ని తేదీలు ఎట్ట రాసినావని పైవాళ్ళు అడుగుతారని భయపడినా. రిజిస్టరులో రాసింది రాసిందే అన్నా. వాడు ఆ మూలే నిలబడి విన్నాడు. పిల్లోళ్ళకు తుడవొద్దని చెప్తానే ఉండా. గీత కొట్టమంటానే ఉండా. నేను మాత్రం కొట్టలా."

ఆయన లేచి గొడుగు అందుకున్నారు. "పద. బడి తాళం నా దగ్గరే ఉండాది."

బడిలో ఆయన పాత రిజిస్టరు తీసి, చెల్లి పేరున్న వరస వెతికి, పుట్టిన తేదీ మీద స్కేలు పెట్టి ఒకటే గీత కొట్టారు. కింది అంకెలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. దాని కింద నా డైరీలోని తేదీ రాశారు. పక్కన, "పైది నా పొరపాటు" అని రాసి సంతకం చేశారు.

మర్నాడు ఆయనా నేనూ బస్సెక్కి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు గారు చెడ్డమనిషి కాదు. రిజిస్టరు చూసి, డైరీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, ఈ రాతేంది? బిడ్డ తరఫువాళ్ళు తప్పు చెప్పినారు, నమ్మి రాసినానని రాయి. ఈ అమ్మాయి ఒక సంతకం పెడతాది. నీకేం కాదు."

"పెడతాను సార్," అన్నాను. అది నిజమే గదా.

అయ్యవారు నన్ను ఆగమన్నట్టు చెయ్యి పెట్టారు. "ఈమెకప్పుడు పన్నెండేళ్ళు సార్. నేను ఉద్యోగస్తుణ్ణి. నన్నెవరూ మోసం చేయలా. తల వంచింది చూసే రాసినా."

"నీ హెడ్మాస్టరు ఆర్డరు ఈ బల్ల మీదనే ఉంది. తెలుసా?"

"తెలుసు సార్."

"ఇది పైకి పోతే అది రాదు."

"తెలుసు సార్. పాపకు గడువు శనివారం దాకానే."

ఇన్‌స్పెక్టరు గారు అయ్యవారి రాత కింద సంతకం చేసి ముద్ర వేశారు. బస్సులో నాకు దుఃఖం ఆగలేదు. అయ్యవారు గొడుగు కర్ర మీద కోసిన అంగుళాలను గోటితో ఒక్కొక్కటే తాకుతూ కూర్చున్నారు. ఊరు దగ్గర పడ్డాక, "మా ఇంట్లో ఏం చెప్పాలో అదే తెలియడం లేదు," అన్నారు.

ఏం చెప్పారో నాకు తెలియదు. వారం తర్వాత ఆయన భార్య బావి దగ్గర కనిపిస్తే నేను తలెత్తలేకపోయాను. ఆమే బిందె దించి, "ఉప్పు నీళ్ళకు అలవాటు పడ్డామే, ఏం కాదు లే," అంది. కోపంగా అనలేదు. ఆమెకు కూడా నేను బతికినన్నాళ్ళు కృతజ్ఞురాలిని.

చెల్లికి స్కాలర్‌షిప్పు వచ్చింది. చెల్లి దొరవారిసత్రంలో పాసింజరు బండి ఎక్కి నెల్లూరు కాలేజీకి పోయిన నెలలోనే అయ్యవారికి బదిలీ ఆర్డరు వచ్చింది. హెడ్మాస్టరుగా కాదు. సరస్సు మధ్యలో ఒక దీవిలో ఒంటి అయ్యవారి బడికి. అక్కడికి తాగే నీళ్ళు కూడా పడవలోనే పోవాలి. ఆయన భార్య ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆయన సోమవారం పోయి శనివారం రావాలి.

మొదటి సోమవారం నేను ఒక జాడీ చింతకాయ పచ్చడి తీసుకొని రేవుకు వెళ్ళాను. ఆ దీవికి పడవ తోలేది పోలయ్యే. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. పడవ తోసే గెడకర్ర మీద కత్తితో కోసిన గుర్తులున్నాయి. అచ్చం అయ్యవారి గొడుగు మీద ఉన్నట్టే. అంతకుముందు నేనెప్పుడూ వాటిని పట్టించుకోలేదు.

అయ్యవారు ఒడ్డునే నిలబడ్డారు. పడవలో కాలు పెట్టలేదు.

"పోలయ్యా," అన్నారు. "ఆ పాపకు దిద్దినాను."

"విన్నాను అయ్యోరా. ఊరంతా అంటావుండారు."

"నీకు దిద్దలేదు."

పోలయ్య గెడ నీళ్ళలో గుచ్చి, తీసి, తడి ఎంతవరకు వచ్చిందో చూశాడు. "మీరూ మీ పెట్టె కలిస్తే పడవ రెండంగుళాలు దిగతాది," అన్నాడు. "ఇప్పుడైతే నడిమిట్ట దాటతాం. ఇంకో గడియ నిలబడి మాట్లాడినారంటే, గాలి తిరిగి నీళ్ళు తగ్గితే, మట్టి తగలతాది. అప్పుడు దిగి మీరే తొయ్యాల."

అయ్యవారి కనుబొమ్మ లేచింది. "రెండంగుళాలు. ఎట్ట వచ్చింది?"

పోలయ్య మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాడు. పడవ పొడుగెంతో, వెడల్పెంతో, మనిషి బరువుకు ఎంత నీళ్ళు పక్కకు జరగాలో వరసగా చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. అతడు చెప్పినంతసేపూ అయ్యవారు విని, తల దించుకొని, పడవ ఎక్కారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి పోలయ్య, "తుడవొద్దన్నది మీరే గదా," అన్నాడు. ఎగతాళిగా అన్నాడో, దయగా అన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఇద్దరూ నవ్వినట్టే ఉంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి సోమవారం, ప్రతి శనివారం పోలయ్యే ఆయన్ను చేర్చాడు. పడవలో వాళ్ళిద్దరూ దారి పొడుగునా లెక్కలే మాట్లాడుకునేవారని ఎక్కినవాళ్ళు విసుక్కునేవారు. హైస్కూలు పుస్తకాలు ఒక్కొక్కటే ఆ పడవలోనే పూర్తయ్యాయట. దానికి పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు.

చెల్లి కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగంలో చేరినప్పుడు, అయ్యవారి గురించి పత్రికకు రాస్తానని నేను ఆయన్ను అడిగాను. ఆయన ఒప్పుకోలేదు.

"నా పేరు రాయబాకమ్మా. ఒకరికి దిద్దినవాడని రాస్తే, దిద్దనిది తుడిచేసినట్టవుతాది. రాసేదుంటే పోలయ్య పేరు రాయి."

అందుకే ఇంతసేపూ అయ్యవారనే రాశాను గానీ పేరు రాయలేదు. నా తప్పును తన తప్పుగా రాసుకున్న ఆ చేతిని దేవుడు తన చేతిలోకి తీసుకున్నాడని నా నమ్మకం. ఆయన కోసం నేను చాలా ఏళ్ళుగా ప్రార్థిస్తూనే ఉన్నాను. ఇకముందూ చేస్తాను. ఆయన్ను నాకు వదిలేయండి.

మీరు మాత్రం పోలయ్యను గుర్తు పెట్టుకోండి. ప్రార్థన చేసేవారైతే ప్రార్థనలో, చేయనివారైతే ఊరికే ఒక క్షణం. పరీక్ష నెగ్గి కూడా తల మీద చెయ్యి పెట్టి కొలిచిన కొలతకు బడి బయట మిగిలిపోయిన మనిషి. మా వీధికి సైకిలు మీద చేపలు తెస్తాడు. ఎప్పుడైనా ఎదురుపడితే, అతడు చెప్పిన ధరకు బేరం ఆడకండి. ఎట్ట వచ్చిందని అడగండి. చెబుతాడు.